ఎఫ్-117ఎ నైట్‌హాక్ 2.0 గేమ్ రివ్యూ: పొట్టలో సైడ్‌వైండర్ పడుతుందా?

మైక్రోప్రోస్ వాళ్ళు 1991లో తెచ్చిన ‘ఎఫ్-117ఎ నైట్‌హాక్ స్టెల్త్ ఫైటర్ 2.0’ ఇప్పుడు ఆన్‌లైన్ గేమ్‌ల దుకాణం స్టీమ్‌లో దొరుకుతోంది. డాస్ కాలం నాటి గేమ్. బొమ్మలు ముతకగా ఉంటాయి, కొండలంటే పచ్చటి త్రికోణాలే. అయినా కొనమనే చెబుతాం. రాడార్‌కి చిక్కకుండా పోయే స్టెల్త్ విమానం ఎలా బతుకుతుందో, ఎక్కడ దొరికిపోతుందో ఇంత సూటిగా చూపించిన గేమ్‌లు తర్వాత కూడా ఎక్కువ రాలేదు.

ఒడిశాలోని సునాబేడ, కొరాపుట్, జయపురం వైపు మనవాళ్ళు ఈ గేమ్ తెరవగానే అడిగే ప్రశ్న మాత్రం ఒకటే. ఇందులో అమెరికా స్టెల్త్ విమానం నైట్‌హాక్‌కి గాల్లోని విమానాల మీద కాల్చే క్షిపణులు, అంటే వేడిని వెతుక్కుంటూ పోయే సైడ్‌వైండర్లు, రాడార్‌తో గురిపెట్టే ఆమ్రామ్‌లు ఎక్కించుకుని మిగ్‌ల మీదికి పోవచ్చు. నిజం విమానం కూడా అలా పోగలదా? మిగ్‌ల ఇంజిన్లు తయారైన హెచ్‌ఏఎల్ ఫ్యాక్టరీ పక్కన ఉండేవాళ్ళకి ‘గేమ్ కదా, ఏదో పెట్టారు’ అని చెప్పి తప్పించుకోలేం. అందుకని ఈ రివ్యూలో సగం ఆ ప్రశ్నకే పోతుంది.

ముందు మెనూ సంగతి. గేమ్ రెండు విమానాలు ఇస్తుంది. ఒకటి లాక్‌హీడ్ ఎఫ్-117ఎ. దీనికి రెండే బేలు (పొట్టలో ఆయుధాలు పెట్టే అరలు), నేల లక్ష్యాల ఆయుధాలే, ఫిరంగి లేదు. రెండోది మైక్రోప్రోస్ ఎఫ్-117ఎ. దీనికి నాలుగు బేలు, గాలిలోకి కాల్చే క్షిపణులు, ఫిరంగి అన్నీ ఉన్నాయి. పేర్లలోనే కంపెనీ నిజం ఒప్పుకుంది: మొదటిది లాక్‌హీడ్ వాళ్ళు నిజంగా కట్టిన విమానం, రెండోది మేం ఊహించిన విమానం అని. చాలామంది ఈ తెరను చదవకుండా ఎంటర్ కొట్టేసి, తర్వాత ‘నా విమానానికి క్షిపణి ఎందుకు రావట్లేదు’ అని గింజుకుంటారు.

ఊహ ఎక్కడినుంచి వచ్చిందంటే, ఈ గేమ్‌కి అన్నగారు 1988 నాటి ‘ఎఫ్-19 స్టెల్త్ ఫైటర్’. అప్పటికి అసలు విమానం ఎలా ఉంటుందో బయట ఎవరికీ తెలియదు. 1981 జూన్ 18న మొదటిసారి ఎగిరి, 1983 అక్టోబరుకల్లా స్క్వాడ్రన్ సిద్ధమైనా, అమెరికా దాన్ని అధికారికంగా ఒప్పుకున్నది 1988 నవంబరు 10న. ఈ మధ్యలో టెస్టర్స్ అనే మోడల్ కిట్ల కంపెనీ 1986లో ‘ఎఫ్-19’ పేరుతో గుండ్రటి అంచుల బొమ్మ అమ్మింది. అది తెగ అమ్ముడై అమెరికా కాంగ్రెస్ దాకా గొడవైంది. తీరా అసలుది బయటికొస్తే గుండ్రం అన్నదే లేదు, అన్నీ చదును పలకలు. ఫైటర్ అనుకుని గేమ్ కట్టినవాళ్ళు చివరికి బాంబర్ దగ్గర తేలారు. పేరులో ‘ఎఫ్’ అక్షరం ఉన్నా అది చేసే పని నేల మీద దాడి ఒక్కటే. 2.0లో రెండు విమానాలు పక్కపక్కన పెట్టడం ఆ ఇరకాటానికి వాళ్ళు చేసిన సర్దుబాటు.

ఇక అసలు లెక్క. పొడవు దగ్గర అడ్డం లేదు. నైట్‌హాక్ మోసే జీబీయూ-27 లేజర్ బాంబు పొడవు 4 మీటర్ల పైమాట, తరగతి 2000 పౌండ్లు, అంటే 907 కిలోలు. అలాంటివి రెండు పడతాయి. సైడ్‌వైండర్ పొడవు సుమారు 3 మీటర్లు, బరువు 85 కిలోల దగ్గర. ఆమ్రామ్ 3.66 మీటర్లు, 150 కిలోల పైచిలుకు. కాబట్టి ‘చోటు చాలదు, అందుకే లేదు’ అనేవాళ్ళ మాట నమ్మకండి. వెడల్పు మాత్రం కాస్త చూసుకోవాలి. ఆ బేలో రెక్కల గొడవ నిజమే. జీబీయూ-27 పుట్టిందే అందుకు: మామూలు జీబీయూ-24 వెనక రెక్కలు పెద్దవి, వాటి బదులు చిన్నవి పెడితేగానీ లోపల పట్టలేదు. సైడ్‌వైండర్ వెనక రెక్కలు ఆ చివరినుంచి ఈ చివరికి 63 సెంటీమీటర్లు. ఒక్కో వైపు ఒక్కటే పెట్టేటట్టయితే అదీ పెద్ద ఇబ్బంది కాదు.

చిక్కంతా క్షిపణి లోపలికి పోయాక మొదలవుతుంది. బాంబుకి కొక్కెం వదిలితే చాలు, కిందికి పడిపోతుంది. సైడ్‌వైండర్ అలా కాదు, దాన్ని పట్టి ఉంచే పట్టా (రైలు) మీద ఉండగానే దాని మోటారు అంటుకుని ముందుకు దూసుకుపోతుంది. బే లోపల మోటారు అంటుకుంటే మంట, పొగ తగిలేది విమానం లోగోడలకే. అందుకని పట్టాని బయటికి చాచే చేయి కావాలి, మంటను పక్కకు తిప్పే పలక కావాలి. అమెరికా తర్వాతి స్టెల్త్ ఫైటర్ ఎఫ్-22 పక్క బేలలో సరిగ్గా ఇదే ఏర్పాటు ఉంది, క్షిపణి బయటికి ఊగి వచ్చాకే రగులుతుంది. నైట్‌హాక్‌లో ఉన్న ట్రపీజ్ చట్రం (ఆయుధాన్ని బే బయటికి దించే ఊయల లాంటిది) బాంబుల కోసం చేసినది. దానికి సైడ్‌వైండర్ పట్టా బిగించాలంటే కొత్త బ్రాకెట్, కొత్త వైరింగ్, ఆయుధాల కంప్యూటర్‌లో కొత్త ప్రోగ్రామ్, ఆ పైన గాల్లో విడుదల పరీక్షలు. చేయలేని పని కాదు గానీ, చేయడానికి ఎవరికైనా గట్టి కారణం ఉండాలి.

తర్వాతది చూపు. ఆ కాలపు సైడ్‌వైండర్ పైలట్ మీట నొక్కకముందే తన కంటితో లక్ష్యం వేడిని పట్టుకోవాలి. తలుపులు మూసిన చీకటి బేలో దానికేం కనబడుతుంది? కాబట్టి ముందు తలుపు తెరవాలి, క్షిపణి మూతి బయటికి రావాలి, అది లక్ష్యాన్ని పట్టుకునేదాకా అలాగే వేలాడదీసి ఉంచాలి. వదిలాక లక్ష్యాన్ని పట్టుకునే రకాలు ఏఐఎం-9ఎక్స్ కొత్త బ్లాకులతో వచ్చాయి. అవి నైట్‌హాక్ మంచి వయసులో ఉన్నప్పటివి కావు.

ఆమ్రామ్‌కి ముందే చూసే పనిలేదు, నిజమే. కానీ శత్రువు ఎక్కడున్నాడో, ఎటు ఎంత వేగంతో పోతున్నాడో వదిలేముందు దానికి ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెప్పేది రాడార్. నైట్‌హాక్‌కి రాడారే లేదు. కావాలనే పెట్టలేదు, రాడార్ వెలిగించడమంటే నేనిక్కడున్నానని కేకేయడమే కదా. ముక్కు ముందు ఒకటి, కడుపు కింద ఒకటి ఇన్‌ఫ్రారెడ్ కళ్ళున్నాయి. అవి నేలను చూసి లేజర్ చుక్క పెట్టడానికి. ఆకాశంలో వెతికి ఫైటర్‌ని పట్టుకునే పని వాటిది కాదు. పైలట్ ఒక్కడే, అద్దాల్లోంచి వెనక చూపు దాదాపు లేనట్టే.

గురి తప్పిందనుకోండి, అప్పుడు పారిపోవడానికి కాళ్ళు లేవు. రెండు ఎఫ్404 ఇంజిన్లు, ఆఫ్టర్‌బర్నర్ (వెనక అదనంగా ఇంధనం మండించి వేగం పెంచేది) లేకుండా. అదే కుటుంబం ఇంజిన్ ఆఫ్టర్‌బర్నర్‌తో మన తేజస్‌లో ఉంది. నైట్‌హాక్‌లో దాన్ని తీసేసింది వేడి ఆనవాలు తగ్గించడానికి. ధ్వని వేగం దాటలేదు, గట్టి మలుపులు తిరగలేదు. ఒక్క క్షిపణి వదిలి దొరికిపోయాక ఏ మిగ్-29 అయినా తీరిగ్గా వెంటాడుతుంది.

‘సోవియట్ నిఘా విమానం మీదికి పంపాలని సైడ్‌వైండర్ పెట్టే ఏర్పాటు ఉండేదట’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. ఆలోచనగా అందులో తర్కం లేకపోలేదు. నిఘా విమానం పెద్దది, నిదానం, గంటల తరబడి ఒకే దారిలో గుండ్రాలు తిరుగుతుంది, పైగా తనే రాడార్ వెలిగించుకుని ఉంటుంది. దాని పక్కకు కనబడకుండా చేరగలిగింది ఆ రోజుల్లో ఇదొక్కటే. అయితే నైట్‌హాక్ సేవలో ఉన్నన్నాళ్ళు, అంటే 2008 ఏప్రిల్‌లో సాగనంపేదాకా, యుద్ధంలో ఒక్క విమానాన్నైనా కూల్చిన దాఖలా బహిరంగంగా లేదు. 1989 పనామా, 1991 గల్ఫ్ యుద్ధంలో 1300కి దగ్గర సార్టీలు (ఒక్కో విమానం ఒక్కోసారి దాడికి వెళ్ళిరావడం), 1999 సెర్బియా, 2003 ఇరాక్, అన్నిచోట్లా వేసింది బాంబులే.

సునాబేడలో దీనికి ఎదురు ప్రశ్న వస్తుంది: మరి మిగ్-27 కూడా దాడి విమానమే, దానికి గాలిలోకి కాల్చే ఆర్-60 క్షిపణి ఉండేది కదా? ఉండేది. దాని ఆర్-29బి ఇంజిన్ తయారైంది ఇక్కడే. మన జాగ్వార్‌కి రెక్క పైన మ్యాజిక్ క్షిపణి పెట్టారు. అవి రెండూ స్టెల్త్ కావు, ఆయుధాలన్నీ బయటే వేలాడతాయి. ఆత్మరక్షణకి ఒక పట్టా అదనంగా బిగిస్తే పోయేదేం లేదు, రాడార్‌కి అవి ఎలాగూ కనబడుతూనే ఉన్నాయి. నైట్‌హాక్ రెక్క కింద ఒక్క పట్టా బిగించినా దాని మీద పెట్టిన ఖర్చంతా వృథా. ఈ తేడా పట్టుకుంటే మన దేశం తయారుచేయాలనుకుంటున్న స్టెల్త్ ఫైటర్ ఆమ్కా డిజైన్‌లో లోపలి బే గురించి ఎందుకంత తర్జనభర్జన పడుతున్నారో కూడా తెలుస్తుంది.

తిరిగి గేమ్‌కి. ఈ లెక్కలన్నిటిలో గేమ్ బాగా పట్టుకున్నది తలుపుల సంగతి. డాష్‌బోర్డు మీద ఈఎంవీ అనే పట్టీ ఉంటుంది. మన విమానం ఆనవాలు ఎంత పెద్దదో ఒక గీత, శత్రు రాడార్ ఎంతవరకు అందుకుంటోందో ఇంకో గీత. రెండూ కలిశాయంటే కనబడిపోయినట్టే. ఎత్తు పెరిగితే మన గీత పెరుగుతుంది, ఒరిగి మలుపు తిరిగితే పెరుగుతుంది. బే తలుపు తెరిచిన క్షణాన ఉన్నపళంగా ఎగబాకుతుంది. అప్పటిదాకా నిద్రపోతున్న సామ్ బ్యాటరీ (నేల మీదినుంచి విమానాల మీదికి క్షిపణులు వదిలే దళం) ఒక్కసారి మేల్కొని గురిపెడుతుంది. 1999 మార్చి 27న సెర్బియాలో ఎస్-125 క్షిపణుల దళం నైట్‌హాక్‌ని కూల్చినప్పుడు కూడా తలుపులు తెరిచి ఉన్న సమయంలోనే చిక్కిందన్న మాట విస్తృతంగా ఉంది. గేమ్ వచ్చింది అంతకు ఎనిమిదేళ్ళ ముందు.

రాడార్లలో పల్స్, డాప్లర్ అని రెండు రకాలు పెట్టారు. పల్స్ రాడార్‌కి ఎదురుగా ముక్కు చూపిస్తూ పోవాలి, పక్క చూపిస్తే పెద్దగా కనబడతాం. డాప్లర్‌కి తలకిందులు: అది మన దగ్గరయ్యే వేగాన్ని, దూరమయ్యే వేగాన్ని పట్టుకుంటుంది, అడ్డంగా పోయేవాణ్ణి పట్టుకోలేదు. మ్యాప్‌లో ఏ రాడార్ ఏ రకమో చూసి దారి గీసుకోవడమే ఈ గేమ్‌లో అసలు ఆట. బాంబు వేయడం దాని ముందు చిన్న పని.

మైక్రోప్రోస్ రకంతో క్షిపణులు వాడి తీరాలనుకుంటే, కొన్ని మిషన్లలో లక్ష్యమే గాల్లో ఉంటుంది కాబట్టి వాడాల్సీ వస్తుంది, నాలుగు బేలూ క్షిపణులతో నింపకండి. ఒక బేలో సైడ్‌వైండర్లు, ఒకదానిలో రాడార్లను కొట్టే హార్మ్ గానీ నేల లక్ష్యాలను కొట్టే మావెరిక్ గానీ, ఒకదానిలో పేవ్‌వే లేజర్ బాంబులు, నాలుగోదానిలో మిషన్ అడిగితే కెమెరా, దూరం ఎక్కువైతే అదనపు ఇంధనం. లక్ష్యం వెనకనుంచి, కాస్త కిందనుంచి చేరండి. వేగం దానితో సమానం చేసుకుని, హెచ్‌యూడీని (కళ్ళెదుట గురి, వేగం చూపించే అద్దం) గాలిపోరు మోడ్‌కి మార్చి, ఆయుధం ఎంచుకుని, తలుపు మాత్రం ఆఖర్న తెరవండి. లాక్ పడగానే ఒక్కటే వదలండి. వెంటనే తలుపు మూసి, కిందికి దిగుతూ తప్పుకోండి. తగిలిందో లేదో చూద్దామని అక్కడే తచ్చాడితే మీ పని అయిపోయినట్టే.

కొత్తవాళ్ళు ఎక్కువగా పోయేది రెండు చోట్ల. ఒకటి, తలుపు చాలా ముందే తెరిచి, తెరిచి ఉంచే వెంటాడటం. రెండోది, కాల్చాక మూయడం మర్చిపోయి అలాగే ఇంటిదారి పట్టడం. దీనిలో ఈఎంవీ గీత ఎందుకు దిగట్లేదో అర్థంకాక ఇంకా కిందికి దిగి కొండకి గుద్దుకుంటారు. ప్రతి కాల్పు తర్వాత తలుపు దీపం చూడటం అలవాటు చేసుకోండి.

ఇంకో ఉచ్చు యుద్ధస్థాయి. కోల్డ్ వార్ స్థాయి పెట్టుకుంటే కనబడకుండా పోయిరావడమే లెక్క. అక్కడ ఎదురొచ్చిన విమానాన్నల్లా కూలిస్తే పతకం రాదు, మార్కులు కోస్తారు. క్షిపణుల సరదా తీరాలంటే కన్వెన్షనల్ వార్ స్థాయికి మార్చుకోండి. మా ఓటు మాత్రం లాక్‌హీడ్ రకానికి, కోల్డ్ వార్ స్థాయికి. మొదటి కొన్ని మిషన్లు విసుగనిపిస్తాయి, తర్వాత చేతిలో క్షిపణి లేకపోవడం వల్లే గుండె దడదడలాడుతుంది.

ఇన్‌స్టలేషన్. స్టీమ్‌లో రూపాయల్లో ధర, యూపీఐ చెల్లుతుంది, సేల్ రోజుల్లో ఇంకా తగ్గుతుంది. ఫైల్ చాలా చిన్నది, కొరాపుట్ వైపు సిగ్నల్ ఒక్క గీత ఉన్నా దిగిపోతుంది. గేమ్ డాస్‌బాక్స్ (పాత డాస్ గేమ్‌లను నేటి కంప్యూటర్లలో నడిపే ప్రోగ్రామ్) లోపల నడుస్తుంది కాబట్టి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, ఆఫీసు లాప్‌టాప్ చాలు. వేగం మాత్రం మీరే సరిచేసుకోవాలి. లైబ్రరీలో గేమ్ మీద రైట్ క్లిక్ చేసి లోకల్ ఫైల్స్ తెరిచి, డాస్‌బాక్స్ కాన్ఫ్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో చూడండి. సైకిల్స్ వరుసలో ‘ఫిక్స్‌డ్ 10000’తో మొదలుపెట్టండి. మీట ముట్టుకోగానే విమానం గింగిరాలు తిరిగితే తగ్గించాలి, కదలిక కుదుపులుగా ఉంటే పెంచాలి. శబ్దం తెగితెగి వస్తే మీ లాప్‌టాప్ మోయలేకపోతోందని అర్థం, అప్పుడూ తగ్గించడమే. ఆడుతూండగానే కంట్రోల్-ఎఫ్11తో తగ్గుతుంది, కంట్రోల్-ఎఫ్12తో పెరుగుతుంది. ఆ పక్కనే ఉన్న కంట్రోల్-ఎఫ్9 జోలికి పోకండి, అది అడక్కుండా డాస్‌బాక్స్‌ని మూసేస్తుంది. ‘యాస్పెక్ట్’ వరుసని ట్రూ చేస్తే బొమ్మ సాగినట్టు కాకుండా సరైన కొలతలో కనబడుతుంది. ఎఫ్ కీలు నొక్కితే వాల్యూమ్ మారుతుంటే తప్పు గేమ్‌ది కాదు, ఎఫ్ఎన్ లాక్ వేసుకోండి.

యూఎస్‌బీ జాయ్‌స్టిక్ ఉన్నవాళ్ళకి విమానం తనంతట తనే ఒక పక్కకి జారుతుంటే, అదే ఫైల్‌లో జాయ్‌స్టిక్ భాగంలో ‘టైమ్డ్’ అన్నదాన్ని ఫాల్స్ చేయండి. చాలావరకు కుదురుకుంటుంది.

మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు. వానాకాలం కొరాపుట్ జిల్లాలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కాబట్టి డెస్క్‌టాప్ వాళ్ళకి యూపీఎస్ లేకుండా పొడవు మిషన్లు వద్దు. టైమ్ వేగం పెంచే సదుపాయం ఉంది, శత్రు రాడార్లు మొదలయ్యేదాకా దాన్ని వాడితే సగం సమయం మిగులుతుంది. ఇంకోటి, పైలట్ చచ్చిపోతే లేదా పట్టుబడితే జాబితాలో అంతటితో ముగిసిపోయినట్టే. నెలలు కష్టపడి పెంచిన ర్యాంకు మీద మమకారం ఉంటే గేమ్ ఫోల్డర్ మొత్తాన్ని అప్పుడప్పుడు కాపీ తీసి పెట్టుకోండి. కొందరు దీన్ని దొంగాట అంటారు. మాకు అభ్యంతరం లేదు.

మాన్యువల్ లావుగా ఉంటుంది, ఇంగ్లీషులోనే. మొత్తం చదవక్కర్లేదు. రాడార్ల అధ్యాయం, ఆయుధాల అధ్యాయం, కీల పట్టిక, ఈ మూడూ ముద్రించుకుంటే చాలు. మొదలుపెట్టేటప్పుడు ఏదైనా విమానం బొమ్మ చూపించి పేరు అడిగితే కంగారు పడకండి, అది ఆ రోజుల్లో దొంగ కాపీల కోసం పెట్టిన తాళం. మాన్యువల్‌లో బొమ్మలున్న పేజీతో పోల్చి ఎంచుకుంటే తెరుచుకుంటుంది.

లోపాలు లేకపోలేదు. శత్రు పైలట్లకి తెలివి తక్కువ, ఒకసారి మీరు కిందికి దిగి అడ్డంగా మలుపు తిరిగితే అక్కడక్కడే చక్కర్లు కొడతారు. ఎలీట్ స్థాయిలో కాస్త నయం. శబ్దం ఆ కాలానికి బాగున్నట్టే గానీ ఇప్పుడు చెవులకి గుచ్చుకుంటుంది. ఇంకా, మైక్రోప్రోస్ రకంలో బే నుంచి సైడ్‌వైండర్ వదలడం బాంబు వదిలినంత తేలిక. పట్టా, మంట, చూపు అని పైన చెప్పిన చిక్కులేవీ అందులో లేవు.

పాత ‘ఎఫ్-19’ కూడా స్టీమ్‌లోనే ఉంది. రెండిట్లో ఒకటే కొనాలంటే 2.0 తీసుకోండి. రంగులు 256, పాత నాలుగు యుద్ధరంగాలకి తోడు కొరియా, వియత్నాం, క్యూబా వంటివి కలిశాయి, గల్ఫ్ యుద్ధం కూడా ఉంది. క్షిపణులతో ఆడటమే ముఖ్యం అనుకునే పిల్లలకి మాత్రం ఎఫ్-19 చాలు. అందులో లాక్‌హీడ్ రకం లాంటి కట్టుబాటు లేదు, విమానమే ఊహ కాబట్టి దాని పొట్టలో ఏం పెట్టినా అడిగేవాడు లేడు.